పెళ్ళి చేస్తే తగ్గే జబ్బు

కొన్ని జబ్బుల పేర్లలో, వాటిని పెట్టినవాళ్ళ అపోహ అలాగే ఉండిపోతుంది. ‘మలేరియా’నే తీసుకోండి. ఇటాలియన్ భాషలో ‘చెడు గాలి’ అన్న మాటల్లోంచి పుట్టిన పేరది. బురదనేలల మీంచి వీచే గాలే ఆ జ్వరానికి కారణమని నమ్మేవారు. 1897లో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జ్వరం తాలూకు క్రిమిని చూశాడు. తప్పు గాలిది కాదని తేలినా పేరు మాత్రం మారలేదు. పోనీలెండి, గాలికి పోయే పరువేముంది!

‘హిస్టీరియా’ సంగతి అలా కాదు.

నా చిన్నతనంలో మా పెద్దమ్మ కూతురు ఉన్నట్టుండి పడిపోయేది. పళ్ళు బిగుసుకుపోయేవి. ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టేవాళ్ళు. డాక్టరుగారు ‘హిస్టీరియా’ అన్నారు. ‘పెళ్ళి చేస్తే అదే తగ్గుతుంది’ అన్నారు పెద్దవాళ్ళు. అక్క చదువు పదో తరగతితో ఆగిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత ఓ నవల కోసం చదువుతూంటే తెలిసింది, గ్రీకు భాషలో ‘హిస్టెరా’ అంటే గర్భసంచి అని! ఆడవాళ్ళ ఒంట్లో అది చోటు తప్పి తిరగడం వల్లే ఇలాంటి జబ్బులొస్తాయని సుమారు 2400 ఏళ్ళ కిందట అక్కడివాళ్ళు అనుకునేవారు. ముక్కుకి చెడువాసన చూపిస్తే అది కిందికి దిగుతుందట. కన్నెపిల్లలకైతే త్వరగా పెళ్ళి చెయ్యమని హిప్పొక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లోనే ఉంది. మా పెద్దమ్మ గ్రీకు ఎప్పుడు నేర్చుకుందో!

17వ శతాబ్దంలోనే ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఇది మెదడుకి సంబంధించిన జబ్బన్నాడు. 19వ శతాబ్దం చివర్లో పారిస్ డాక్టరు షార్కో ఇది మగవాళ్ళకీ వస్తుందని చూపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు మాట పడిపోయి, వణికిపోతూంటే, 1915లో ‘షెల్ షాక్’ అన్న కొత్త పేరు వైద్య పత్రికకెక్కింది. మగవాడికైతే కారణం ఫిరంగి గుండు, ఆడదానికైతే గర్భసంచి! చివరికి 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ జబ్బుల పట్టికలో ఆ పాత పేరుని పక్కకి నెట్టింది.

పెళ్ళయ్యాక కూడా అక్క పడిపోతూనే ఉండేది. మొన్న కలిసినప్పుడు ఈ కథంతా చెబితే, ‘‘అయితే నా గర్భసంచిది తప్పు కాదన్నమాట’’ అని నవ్వింది. కాసేపాగి నెమ్మదిగా అంది:

‘‘మా నాన్న పోయిన నెలకే కదే, మొదటిసారి పడిపోయింది! నీ మనసులో ఏముందే అని ఒక్కరూ అడగలేదు.’’

కారణం పేరులోనే ఉండగా ఇక అడగడం దేనికనుకున్నారు కాబోలు.