ముంజేతి కంకణానికి మాటలు వచ్చిన కథ

ఈ మధ్య ఒక ఉదయం పార్కులో నడుస్తూ ఊళ్ళో ఉన్న మా అమ్మతో మాట్లాడుతున్నాను. చెవి దగ్గర ఫోను లేదు, చెవిలో తీగా లేదు. ఎడమచేతి మణికట్టును నోటి దగ్గరకు తెచ్చుకొని "మందు వేసుకున్నావా?" అని అడుగుతున్నాను. ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన ఆగి, నా వంక జాలిగా చూసి, "ఏం బాబూ, ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు. ఇంతలో "ఎవర్రా అది?" అని గడియారంలోంచి అమ్మ గొంతు పలికేసరికి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

తరువాత ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఈ గడియారంలోనే సిమ్ము ఉందని, ఫోను ఇంట్లో వదిలి వచ్చినా నా నెంబరుకు వచ్చే పిలుపు దీనికి అందుతుందని వివరించాను. "ముంజేతి కంకణానికి అద్దమెందుకు అన్నారు గాని, దానికి మాటలు కూడా వస్తాయని ఎవరూ చెప్పలేదే!" అని ఆయన నవ్వారు. ఆ మాటే ఈ టపాకు మూలం. ఆయన సరదాకు అన్నా, చరిత్ర చూస్తే చేతి గడియారం నిజంగానే కంకణంగా పుట్టింది.

అంతకు ముందు మాట ఒకటి చెప్పాలి. మన గడియారానికి ఆ పేరు గడియ నుంచి వచ్చింది. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీటిలో తేలవేస్తే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ, అంటే 24 నిమిషాలు. ఆ గిన్నెను కనిపెట్టుకొని ఉండి, మునిగినప్పుడల్లా గంట కొట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. ఊరంతటికీ కాలం ఒక్కచోటనే ఉండేది. అక్కడి నుంచి అది ఇంటి గోడమీదికి, గోడమీద నుంచి జేబులోకి, జేబులో నుంచి చేతిమీదికి వచ్చింది. ఈ ప్రయాణంలో చివరి మజిలీయే అన్నిటికన్నా కష్టమైనది.

నేపుల్స్ రాణి కెరోలిన్ ముర్యా, నెపోలియన్ చెల్లెలు, 1810లో పారిస్‌లోని బ్రెగే అనే పనివానికి చేతికి కట్టుకొనే గడియారం ఒకటి చేసిపెట్టమని పురమాయించింది. అది 1812లో సిద్ధమైంది. వెంట్రుకలు, బంగారు తీగ కలిపి అల్లిన పట్టీకి కోలగా ఉండే చిన్న గడియారం అమర్చాడట. ఆ తరువాత నూరేళ్ళపాటు ఐరోపాలో చేతి గడియారం అంటే స్త్రీల ఆభరణమే. మగవాడు గొలుసు పట్టుకొని జేబులోంచి గడియారం పైకి తీసి, మూత తెరిచి, కాసేపు గంభీరంగా చూసి లోపల పెట్టుకోవాలి. చేతికి కట్టుకుంటే నలుగురూ నవ్వేవారు.

ఆ నవ్వును ఆపినది ఫ్యాషను కాదు, తీరిక లేని చేతులు. బ్రెజిల్ నుంచి వచ్చి పారిస్‌లో గాలిలో ఎగరడానికి ప్రయత్నాలు చేసిన సాంటోస్ డ్యూమాంట్, విమానం నడిపేటప్పుడు జేబులోని గడియారం తీసి చూసుకోవడం సాధ్యం కావడం లేదని తన మిత్రుడు లూయీ కార్టియేతో వాపోయాడు. కార్టియే 1904లో అతనికి చేతికి కట్టుకొనే గడియారం చేసి ఇచ్చాడు. అంతకు ముందే దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా సాగిన బోయర్ యుద్ధంలో బ్రిటిషు అధికారులు జేబు గడియారాలను తోలుపట్టీలలో బిగించి మణికట్టుకు కట్టుకొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అది తప్పనిసరి అయింది. వెనుక నుంచి ఫిరంగులు ఎక్కడ, ఏ నిమిషానికి గుళ్ళు కురిపిస్తాయో, కందకంలోని సైనికులు ఏ నిమిషానికి ముందుకు కదలాలో ముందే నిర్ణయించేవారు. లెక్క తప్పితే తమ ఫిరంగులకు తామే బలి. 1916 జులై 1న సొమ్ నదీతీరంలో ఉదయం 7:30కు ఈలలు ఊదిన అధికారులు ఆ క్షణాన్ని చేతి గడియారాలలోనే చూసుకొన్నారు. ఆ కందకాల నుంచి ప్రాణాలతో ఇల్లు చేరినవాడి చేతికి ఉన్న గడియారాన్ని చూసి ఆడంగి సింగారం అనే ధైర్యం ఎవరికుంటుంది? యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే జేబు గడియారం తాతల వస్తువైపోయింది.

మన దేశంలో ఆ కథకు తీయని అధ్యాయం కూడా ఉంది. 1961లో హెచ్‌ఎంటీ సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాలు చేయడం మొదలుపెట్టింది. అల్లుడికి సైకిలూ, రేడియోతో పాటు వాచీ కూడా పెట్టే ఆచారం గుర్తున్నవారు మనలో చాలామందే ఉంటారు. పరీక్ష పాసైనందుకు నాన్న కట్టిన వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇవ్వడం ఒక సంధ్యావందనం. ఆ సంస్థ గడియారాల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటికే వేళ చూసుకోవడానికి అందరూ జేబులోంచి ఫోను తీస్తున్నారు. అంటే కాలం మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయిందన్నమాట! గొలుసు మాత్రం కనబడదు.

ఇక మాటల సంగతి. మణికట్టు మీది నుంచి మాట్లాడాలన్న కోరిక ఫోను జేబులోకి రాకముందే పుట్టింది. చెస్టర్ గౌల్డ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1946 జనవరిలో తన బొమ్మల కథలోని డిటెక్టివు డిక్ ట్రేసీ చేతికి, వినడానికీ మాట్లాడటానికీ పనికివచ్చే రేడియో కట్టాడు. మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలబడి, చేతిలో పట్టుకొన్న సెల్‌ఫోను నుంచి మొదటి పిలుపు చేసినది 1973 ఏప్రిల్ 3న. ఆ ఫోను బరువు కిలోకు పైమాటే. మణికట్టు సంగతి అలా ఉంచి, అరచేయే దాన్ని మోయడానికి ఆయాసపడింది.

తరువాతి ప్రయత్నాలన్నీ ఇంచుమించు ఒకే తప్పు చేశాయి. 1982లో సీకో సంస్థ టెలివిజను గడియారం తెచ్చింది. తెర చేతిమీదే గాని, దానికి కావలసిన రిసీవరు జేబులో, మధ్యలో తీగ. 1999లో సాంసంగ్, 2009లో ఎల్‌జీ గడియారంలో ఫోనును ఇరికించాయి. అవి పనిచేశాయి, కాని అందరి చేతులకూ ఎక్కలేదు. వాటిని చేసినవారు ఫోనును కుదించి చేతికి కట్టాలనుకొన్నారే తప్ప, చేతికి ఏం కావాలని ఆలోచించినట్లు కనబడదు. పైగా ఇబ్బంది ప్రకృతిది కూడా. గడియారంలో పట్టే బ్యాటరీ చిన్నది. టవరును అందుకోవడానికి రేడియోకు కావలసిన శక్తి పెద్దది. ఏంటెనాను ఆనుకొనే ఉన్న చేయి ఆ తరంగాలలో కొంత తానే మింగేస్తుంది.

2014లో సాంసంగ్ మళ్ళీ సొంత సిమ్ముతో మరొక గడియారం తెచ్చింది. 2017 సెప్టెంబరులో యాపిల్ తన మూడవ తరం గడియారానికి సెల్యులర్ సౌకర్యం చేర్చింది. ప్లాస్టిక్ సిమ్ముకు చోటు లేదు గనుక దాన్ని లోపలే పొదిగిన చిప్పుగా మార్చారు. వేరే ఏంటెనాకు చోటు లేదు గనుక తెరనే ఏంటెనాగా వాడుకొన్నారు. ఫోను నెంబరే గడియారానికీ పనిచేసే ఏర్పాటు టెలిఫోను సంస్థలతో కుదుర్చుకొన్నారు. ఇంత చేసినా, టవరుతో నేరుగా మాట్లాడితే బ్యాటరీ ఒక గంట వస్తుందని ఆ సంస్థే చెప్పింది. 2018 మే నెలలో ఆ సౌకర్యం జియో, ఎయిర్‌టెల్ ద్వారా మన దేశానికి వచ్చింది.

అంతకు మూడు నెలల ముందు జరిగిన ఒక ముచ్చట మనబోటి యూనికోడు పిచ్చివాళ్ళు మరచిపోలేనిది. జ్ఞా అనే మన అక్షరంలో కంటికి కనబడని విడదీత సంకేతం ఒకటి మధ్యన చేరిన రూపాన్ని తెరమీద చూపించబోయి, యాపిల్ ఫోన్లలోనూ గడియారాలలోనూ అప్లికేషన్లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న ఆ సంస్థ అన్నిటికీ సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. పొల్లు ఒకచోట, వత్తు మరొకచోట పడే రోజుల్లో లేఖినిలో అక్షరం అక్షరం కొట్టుకొన్న మనకు నవ్వు రాకుండా ఉంటుందా? అంతటి యంత్రం జ్ఞానానికి మొదటి అక్షరం దగ్గరే తడబడింది!

ఈ కంకణం సంకెల కాగలదని కూడా చరిత్ర అప్పుడే చూపించింది. చిన్నపిల్లల చేతికి కట్టి, వారికి తెలియకుండా చుట్టుపక్కల మాటలు తల్లిదండ్రులు వినగలిగే గడియారాలను 2017 నవంబరులో జర్మనీ ప్రభుత్వ సంస్థ నిషేధించింది. కొందరు తల్లిదండ్రులు తరగతి గదిలో ఉపాధ్యాయుల మాటలు కూడా వింటున్నారని తేలింది. చేతికి ఉన్నది ఒకటే వస్తువు. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదనేదే తేడా.

నా తాళంచెవి సంగతి చెప్పి ముగిస్తాను. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం, పుస్తకం చదువుకోవాలని ఫోను నోరు నొక్కి బీరువాలో పెట్టాను. ఆ పూటే మా అమ్మ పెరట్లో జారిపడింది. పక్కింటివారు పదకొండుసార్లు పిలిచారు. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు గాని, నా ధైర్యం విరిగింది. ఆనాటి నుంచి ఫోను నా చేతిని వదలలేదు. అమ్మ పిలుపు కోసమే పట్టుకొన్నాను. కాని పట్టుకొన్నది గనుక చూశాను, చూశాను గనుక గంటలు పోయాయి. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు. చివరికి అమ్మను చూడటానికి ఊరు వెళ్ళి, ఆమె ఎదుట కూర్చొని కూడా అదే తెర చూస్తుంటే, "నువ్వు వచ్చావు గాని, నీ చేతులు రాలేదురా" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. గడియారం కొన్నది ఆ తరువాతే. బయటకు వెళ్ళేటప్పుడు ఫోను ఇంట్లోనే ఉంటుంది. ఇబ్బందులు లేవని అనను. గడియారానికి కెమెరా లేదు గనుక కూరల బండి దగ్గర గళ్ళబొమ్మకు చూపించి డబ్బు కట్టలేను. జేబులో మళ్ళీ పదిరూపాయల నోట్లు చేరాయి. సాయంత్రానికి బ్యాటరీ నీరసిస్తుంది. అంత చిన్న తెరమీద వ్యాసం చదవలేను, వాదానికి దిగలేను. మొదట ఇవన్నీ లోపాలనుకొన్నాను. ఇప్పుడు వాటికోసమే కొన్నానేమో అనిపిస్తోంది. అది చేయగలిగినది ఒకటే: అమ్మ పిలిస్తే చేతిని తట్టి చెప్పడం. మిగిలిన లోకం ఇంటి దగ్గర వేచి ఉంటుంది.

విమానం నడిపినవాడికీ, కందకంలో ఉన్నవాడికీ చేతులకు వేరే పని ఉంది గనుకనే గడియారం మణికట్టు ఎక్కింది. నా చేతులకు అంత గొప్ప పనేమీ లేదు. ఒక పుస్తకం పట్టుకోవాలి. నాలుగు వాక్యాలు రాయాలి. ఊరు వెళ్ళినప్పుడు అరుగు దిగే అమ్మకు ఆసరా ఇవ్వాలి. మొన్న వెళ్ళినప్పుడు రెండు చేతులూ ఇచ్చాను. ఆమె మెట్టు దిగి, నా మణికట్టు మీది నల్లటి బిళ్ళను వేలితో తట్టి, "ఇప్పుడు ఇందులోంచి ఎవరు పిలుస్తారురా?" అని అడిగింది.

"ఎవరూ పిలవరమ్మా, పిలిచేదానివి నువ్వు ఇక్కడే ఉన్నావుగా" అన్నాను.

ఒకప్పుడు మనమంతా కంప్యూటరు ముందు కూర్చొని రాసి, దాన్ని ఆపివేసి, లేచి వెళ్ళిపోయేవాళ్ళం. అలా లేచి వెళ్ళగలగడం కూడా ఒక భాగ్యమని అప్పుడు తెలియలేదు. మీలో ఎవరైనా ఫోను ఇంట్లో వదిలి గడప దాటడం అలవాటు చేసుకొని ఉంటే, గడియారంతోనో, ఏదీ లేకుండానో, ఆ అనుభవం ఇక్కడ రాయండి. సాయంత్రం ఇంటికి చేరాక తీరికగా చదువుతాను.