పాత డీజిల్ ఇంజిన్ల పునర్నిర్మాణం: తీగలు మార్చిన లెక్క

సూరత్: సూరత్ శివారులోని ఉధ్నా నుంచి తపతీ లోయ మీదుగా మహారాష్ట్రలోని జల్‌గావ్ వరకు సాగే 300 కిలోమీటర్లకు పైబడిన రైలు మార్గం రెండో లైను, విద్యుదీకరణ పనులు పూర్తి చేసుకొని 2019 ఫిబ్రవరి 16న జాతికి అంకితమైంది. మూడు రోజులకే, ఫిబ్రవరి 19న, డీజిల్ నుంచి విద్యుత్తుకు మార్చిన తొలి రైలింజన్‌ను ప్రధాని నరేంద్ర మోదీ వారణాసిలో జెండా ఊపి ప్రారంభించారు. గూడ్సు మార్గాలపై తీగలు పరచుకుంటున్న వేళ, సగం ఆయుష్షు మిగిలిన డీజిల్ ఇంజిన్లను ఏం చేయాలన్న ప్రశ్నకు అది ఒక సమాధానం.

పటియాలా పద్ధతి

డీజిల్ రైలింజన్ ఆయుర్దాయాన్ని రైల్వే శాఖ 36 ఏళ్లుగా లెక్కిస్తుంది. 18 ఏళ్లు నిండిన ఇంజిన్‌ను పూర్తిగా విప్పి పునర్నిర్మించడం ఆనవాయితీ. 1981లో పునాది పడిన పటియాలా కర్మాగారం ఈ పనికి కేంద్రమైంది. టర్బోచార్జర్, ఇంధన పంపులు, క్యామ్‌షాఫ్ట్ మార్చి 2,600 అశ్వశక్తి గల డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లను 3,100 అశ్వశక్తికి పెంచారు. వాక్యూమ్ బ్రేకుల స్థానంలో ఎయిర్ బ్రేకులు, రిలేల స్థానంలో మైక్రోప్రాసెసర్ నియంత్రణ వచ్చాయి. పాత చట్రంతోనే ఎక్కువ బరువు లాగడం సాధ్యమైంది.

వారణాసి ప్రయోగం

డీజిల్ ఇంజిన్ చక్రాలను నేరుగా తిప్పదు. అది ఉత్పత్తి చేసే విద్యుత్తుతో ఇరుసులపై ఉన్న మోటార్లు తిరుగుతాయి. అందువల్ల విద్యుత్తును పైతీగ నుంచి తీసుకునేలా మార్చడం సాధ్యమే. 2017 డిసెంబరు 22న పని మొదలుపెట్టిన వారణాసి కర్మాగారం రెండు డబ్ల్యూడీజీ-3ఏ గూడ్సు ఇంజిన్లను 69 రోజుల్లో 10,000 అశ్వశక్తి గల జంట విద్యుత్ ఇంజిన్‌గా మలిచింది. మధ్యకాల పునర్నిర్మాణ వ్యయాన్ని, డీజిల్ ఖర్చును తప్పించడమే దీని ఉద్దేశం.

మారిన షెడ్లు

ఈ మార్పు ప్రభావం కర్మాగారాలకే పరిమితం కాలేదు. ఒకప్పుడు డీజిల్ ఇంజిన్లకు పేరొందిన కాజీపేట, గుత్తి షెడ్లు నేడు విద్యుత్ ఇంజిన్లనూ నిర్వహిస్తున్నాయి. పటియాలా కర్మాగారం సైతం విద్యుత్ ఇంజిన్ల తయారీలోకి అడుగుపెట్టింది. అయినా తీగలు లేని సైడింగులలో, యార్డు షంటింగులో, విద్యుత్ సరఫరా నిలిచిన అత్యవసర వేళల్లో డీజిల్ అవసరం తీరిపోలేదు. పాత ఇంజిన్‌ను ఏ రూపంలో పునర్నిర్మించాలన్నది దాని స్థితితో పాటు అది నడిచే మార్గంపైనా ఆధారపడుతుంది.