లాకెట్టులో తమ్ముడు

పాత చిత్రాల పుస్తకం తిరగేస్తుంటే అరచేతిలో ఇమిడే బొమ్మ ఒకటి కనిపించింది. పలుచటి దంతపు రేకు మీద నీటిరంగులు. ఉంగరాల జుట్టు, తెల్లటి కుచ్చుల కాలర్. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ కొడుకు లూయీ షార్ల్. 1792 ఆగస్టు నుంచి పారిస్‌లోని టాంప్ల్ బురుజులో కుటుంబంతో పాటు బందీ. ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మల్ని లాకెట్లలో పెట్టుకుని, వెనకవైపు ఆత్మీయుల వెంట్రుకలు దాచుకునేవారు.

చూడగానే 'అయ్యో పసివాడు' అనుకున్నాను. ఆ పసివాడి నోటితోనే తల్లిని ఎలా కొట్టారో చదివాక ఆ జాలి ఒక్కటే సరిపోలేదు.

1793 జనవరిలో తండ్రిని గిలటిన్ ఎక్కించారు. జూలై 3 రాత్రి పిల్లవాణ్ణి తల్లి మారీ ఆంత్వానెత్ దగ్గర్నుంచి లాక్కుని, అదే బురుజులో చెప్పులు కుట్టే సిమోన్‌కి అప్పగించారు. వాడు అటుగా నడిచి వెళ్తే కనిపిస్తాడేమోనని ఆమె గోడ సందు దగ్గర గంటలకొద్దీ నిలబడేదట. ఆగస్టులో ఆమెను వేరే జైలుకి మార్చారు. అక్టోబరు 6న ఎనిమిదేళ్ల వాడిచేత ఒక వాంగ్మూలం మీద సంతకం పెట్టించారు. తల్లీ, మేనత్తా తనను లైంగికంగా చెరిచారని! మర్నాడు పద్నాలుగేళ్ల అక్క మారీ తెరేజ్‌ని పిలిచి, తమ్ముడి ఎదుటే అవే ప్రశ్నలు వేశారు. ఆమె కాదంది. తమ్ముణ్ణి చూడటం అదే ఆఖరు.

రాచరికం మీద నాకు మమకారం లేదు. రాణి మీద మోపడానికి నేరాలకు కరువా? శత్రుదేశాలతో మంతనాలున్నాయి, ఖజానా ఖర్చులున్నాయి. అవి చాలలేదు. ఆడదాన్ని కూల్చాలంటే పడకగది దాకా వెళ్లాలి కాబోలు. జవాబు చెప్పమని జ్యూరీ సభ్యుడొకరు నిలదీస్తే, ఆమె అక్కడున్న తల్లులందరికీ మొరపెట్టుకుంది. 16న తల తీశారు. 30న మహిళా సంఘాలను నిషేధించారు. నవంబరు 3న ఒలాంప్ ద గూజ్ వంతు. 1791లో స్త్రీ హక్కుల ప్రకటన రాసి ఈ రాణికే అంకితమిచ్చిన రచయిత్రి ఆమె.

పిల్లవాడు 1795 జూన్ 8న, పదేళ్లకే చనిపోయాడు. పై అంతస్తులో ఒంటరిగా మిగిలిన అక్కకి తల్లి చావు కబురు కూడా అప్పటికి ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది చివర్లో విడుదలైన ఆమె రాసిపెట్టడం వల్లే ఆ గోడ సందు సంగతి మనకు తెలిసింది.

శవపరీక్ష చేసిన డాక్టరు దొంగచాటుగా దాచిన గుండె ఆ పిల్లవాడిదేనని 2000లో తేల్చారు. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏతో. పోల్చి చూసిన వాటిలో మారీ ఆంత్వానెత్ అక్కల వెంట్రుకలున్నాయి, వాళ్లమ్మ మరియా తెరేసా జపమాలలో దాచుకున్నవి.