ఎడంకాలి పోటీ

సికింద్రాబాద్ నుంచి బొల్లారం వెళ్లే రైలుమార్గంలో అమ్ముగూడ చిన్న స్టేషన్. చుట్టూ కంటోన్మెంటు, సైనికుల బ్యారకులు, వాటి నడుమ మా బస్తీలు. దండు దిగినచోట ఫుట్‌బాల్ కూడా దిగుతుంది. పటాలాల వాళ్లు సాయంత్రం ఆడుతుంటే గట్టుమీద నిలబడి చూసిన పిల్లలు, వాళ్లు వెళ్లిపోగానే అదే నేలమీద ఆడేవారు. అలా ఆడినవారిలో ఒకరు మెల్బోర్న్, రోమ్ ఒలింపిక్స్ జట్లలో చోటు సంపాదించారు. జకార్తా నుంచి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. ఆయన పేరు తులసీదాస్ బలరాం.

ఈమధ్య మా దగ్గరి గ్రౌండులో ఆడుతున్న పిల్లలను ఆపి ఈ పేరు అడిగాను. "ఎవరంకుల్ ఆయన, క్రికెటరా?" అన్నాడొకడు. వాడిమీద నాకు కోపం రాలేదు. వాడికి ఎవరు చెప్పారు గనక? చెప్పాల్సింది మేమే కాబట్టి ఈ వ్యాసం.

తమిళనాడు నుంచి వలసవచ్చిన పేద కుటుంబం బలరాంది. పుట్టింది 1936లో, ఇక్కడే. కుర్రాడి ఆట రహీం సాబ్ కంటపడింది. హైదరాబాద్‌కు వచ్చి ఆడమన్నారు. రావడానికి సైకిలేది? అద్దెకు తీసుకుందామంటే చేతిలో డబ్బేది? ఆ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చేవారు. మా దగ్గర్నుంచి ఫతే మైదాన్‌కు ఎటుచూసినా పది కిలోమీటర్లకు పైనే. ట్యాంక్‌బండ్ మీద ఎదురుగాలి వీస్తే సైకిల్ ఎంత మొరాయిస్తుందో తొక్కినవాళ్లకు తెలుసు. పొద్దున ఆ దూరం తొక్కి, ఆడి, మళ్లీ అంత దూరమూ తొక్కుకుంటూ రావాలి. బలరాంను తయారుచేసిన వ్యాయామంలో ఆ దారికీ వాటా ఉందని నా నమ్మకం.

సైకిల్ అద్దె ఇచ్చిన ఆ రహీం సాబ్ పూర్తిపేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, చనిపోయేదాకా ఆ పని విడవలేదు. దేశానికి కోచ్ అయ్యాక కూడా ఆయన బడిపంతులు లాగానే ఆలోచించారు. పిల్లవాడికి ఏది రాదో అదే ముందు నేర్పాలన్నది ఆయన పద్ధతి. అందుకోసం ఆయన కనిపెట్టిన పోటీలు నాకు కప్పులన్నిటికంటే గొప్పగా కనిపిస్తాయి.

డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంటు వాటిలో ఒకటి. బంతి అందగానే ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలి తప్ప, దాన్ని కాళ్లమధ్య తిప్పుకుంటూ ఎదుటివాణ్ణి దాటుకుపోతానంటే కుదరదు. ఆ రోజుల్లో మన గల్లీ ఆటగాడి గొప్పంతా ఒంటిచేత్తో ముగ్గుర్ని బోల్తాకొట్టించడంలోనే ఉండేది. గట్టుమీద జనం ఈలలు వేసేదీ దానికే. ఆ ఈలల మోజు పోగొట్టాలంటే ఉపన్యాసం చాలదు, ఆట నియమమే మార్చాలనుకున్నారు రహీం సాబ్. బంతి రాకముందే తలెత్తి, మనవాడు ఎక్కడున్నాడో చూసుకోక తప్పని పరిస్థితి కల్పించారు. రెండో పోటీ ఇంకా చిత్రమైనది. అలవాటులేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం వాళ్లంతా ఎడంకాలితో ఆడాలి. మొదటి రోజుల్లో ఎన్ని బంతులు ఎటెటు ఎగిరిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. పెద్ద ఆటగాడు, చిన్న ఆటగాడు అన్న తేడా ఆ గంటసేపు చెల్లదు. అందరూ మొదటి తరగతిలో కూర్చున్నట్టే.

ఫలితం మైదానంలోనే కనిపించింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి భారత్ స్వర్ణం అందుకుంది. మరుసటేడు హెల్సింకీలో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడిన ఆట అది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం, నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అప్పటిదాకా ఆసియా దేశమేదీ అంతదూరం వెళ్లలేదు. ఆ జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ గల్లీల్లో పెరిగినవాళ్లు ఎందరో. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, మా బలరాం.

ఇక జకార్తా. 1962 నాటికి రహీం సాబ్‌కు క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. వెనక కోటగోడలా నిలబడే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మరో కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేవాడే. రహీం సాబ్ అతన్ని ముందు వరుసలోకి మార్చి గోల్ కొట్టే పని అప్పగించారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. స్టేడియం నిండా మనల్ని గేలిచేసే జనం. మొదట పీకే బెనర్జీ, వెంటనే జర్నైల్ సింగ్ గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు ఇంతవరకు బంగారం రాలేదు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. 53 ఏళ్లు.

ఇంత చేసిన మనిషికి ఏమిచ్చాం? బతికుండగా పద్మ పురస్కారం రాలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య 1985లో గాని మొదలు కాలేదు. బలరాంకు 1962లో అర్జున వచ్చింది, అంతే. ఆయన సరసన ఆడిన చునీ గోస్వామికీ, పీకే బెనర్జీకీ పద్మశ్రీ దక్కింది, ఈయనకు దక్కలేదు. రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టిన మనిషి 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోతే మా అమ్ముగూడలో ఎందరికి తెలిసింది? అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ పోయారు. మోహన్‌బగాన్ తరఫున పీలే జట్టుకు ఎదురునిలిచిన మన హైదరాబాదీ ఆయన. రహీం సాబ్ కొడుకు హకీం సాబ్, తనూ ఒలింపియనే, 2021లోనే వెళ్లిపోయారు. రహీం సాబ్ కథతో తీసిన 'మైదాన్' సినిమా 2024లో విడుదలైంది. ముగ్గురిలో ఒక్కరైనా దాన్ని థియేటర్లో చూడలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మన ఊళ్లలో సన్మానాలకు తక్కువేమీ లేదు. టెంటు, కుర్చీలు, వేదిక నిండా పెద్దలు, శాలువా, పూలదండ, మెమెంటో, ఫొటో. వాటిని నేను చిన్నచూపు చూడను. జీవితమంతా గ్రౌండులో సీటీ ఊదిన పెద్దమనిషి భుజాన శాలువా పడితే ఆ ఇంటిల్లిపాదీ ఎంత మురిసిపోతారో దగ్గర్నుంచి చూశాను. అది జరగాలి, అదీ ఆ మనిషి కళ్లెదుట ఉండగానే జరగాలి. కానీ మర్నాటి పొద్దున గ్రౌండులో ఏం మిగిలింది? నాకు దిగులంతా అక్కడే.

బ్యాడ్మింటన్‌లో ఈ నగరం ఆ తప్పు చేయలేదు. ఎస్.ఎం. ఆరిఫ్ సార్‌కు 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ వచ్చాయి. అంతకంటే పెద్ద సంగతి, ఆయన దగ్గర నేర్చుకున్న గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తర్వాత గచ్చిబౌలిలో తనూ కోచ్‌గా నిలబడ్డారు. సైనా, సింధు అక్కడే పదునెక్కారు. గురువు నేర్పింది శిష్యుడి చేతుల మీదుగా ముందుకు నడిచింది. ఫుట్‌బాల్‌లో ఆ దారం తెగింది. బంతి ఆడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, రహీం సాబ్ ఏం నేర్పారో వాళ్లకు చేర్చే దారే లేకుండా పోయింది.

అందుకే నా కోరిక ఇది. రహీం సాబ్ విగ్రహం పెడతామంటే సంతోషంగా చందా ఇస్తాను. దానికంటే ముందు ఆయన పోటీలు ఆయన నియమాలతోనే మళ్లీ పెట్టాలి. ఒక పూట డ్రిబ్లింగ్ లేని ఆట, ఒక పూట ఎడంకాలి ఆట. పదిహేనేళ్ల లోపు పిల్లలు చాలు. ప్రవేశ రుసుము వద్దు. దూరం నుంచి వచ్చే పిల్లలకు బస్ చార్జీ మనమే ఇద్దాం, బలరాంకు సైకిల్ అద్దె ఇచ్చిన మనిషి పేరిట జరిగే పోటీ కదా. మొదటిది అమ్ముగూడ దగ్గరే జరగాలి, అది మా హక్కు. నగరంలో మిగిలిన పాత ఆటగాళ్లను రెఫరీలుగా పిలుద్దాం. శాలువాలు అక్కడే, ఆట మొదలయ్యే ముందు, పిల్లలు చూస్తుండగా కప్పుదాం. తేదీ ఆగస్టు 17. బడి ఉన్న రోజైతే ఆ దగ్గరి ఆదివారం.