సెకండ్ హ్యాండ్ కారులో సైకిళ్లు కూడా పట్టాలా? డిక్కీ లీటర్లు కాదు, సీటు మడత చూడండి

కనిగిరి: ఇంట్లో నలుగురు. పిల్లలకు రెండు సైకిళ్లు. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లాలన్నా, పెద్దోడిని ఒంగోలు హాస్టల్‌లో దింపాలన్నా, పండక్కి హైదరాబాద్ నుంచి సొంతూరు రావాలన్నా సైకిల్ వెంట రావాల్సిందే. కొత్త కారుకు బడ్జెట్ చాలదు. మిర్చి డబ్బులో, పొగాకు డబ్బులో చేతికొచ్చాక సెకండ్ హ్యాండ్ కారు కోసం వెతుకులాట మొదలవుతుంది. రంగు చూస్తారు. మైలేజీ అడుగుతారు. ఏసీ వేసి చూస్తారు. సైకిల్ సంగతి మాత్రం కారు ఇంటికొచ్చాకే గుర్తొస్తుంది.

అప్పుడు మిగిలేది తాడే. డిక్కీ సగం తెరిచి, సైకిల్‌ని సగం బయటకు పెట్టి, తాడుతో కట్టేసి 565 హైవే ఎక్కేస్తారు. నంబర్ ప్లేటు కనపడదు, వెనక లైటు కనపడదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. డిక్కీ తెరిచి నడిపితే సైలెన్సర్ నుంచి వచ్చే పొగ వెనక్కి పోకుండా కారు లోపలికి లాగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలకు ఏం జరుగుతోందో ముందున్న వాళ్లకు తెలియదు.

అందుకే కారు కొనే ముందే సైకిల్ లెక్క తేల్చుకోవాలి.

మనుషులు ఎంతమంది? సైకిళ్లు ఎన్ని? ఒకేసారా?

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "వెనక సీటు మడిస్తే సైకిల్ పట్టుద్ది" అని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ ఐదు సీట్ల కారులో వెనక సీటు మొత్తం మడిస్తే మిగిలేది ముందు రెండు సీట్లే. అంటే నాన్న, కొడుకు, సైకిల్ వెళ్తారు. అమ్మ, చెల్లి బస్సెక్కాలి.

కాబట్టి నలుగురూ, సైకిళ్లూ ఒకేసారి వెళ్లాలంటే రెండే దారులు. వెనక సీటు 60:40గా విడివిడిగా మడిచే కారు ఒకటి. మూడు వరుసల సీట్లున్న కారు ఇంకొకటి. ఈ రెండూ కలిసిన కారు దొరికితే ఇంకా మంచిది. మూడో వరుస మొత్తం, రెండో వరుసలో ఒక పక్క మడిచేస్తే పొడవుగా ఒక దారిలా ఖాళీ వస్తుంది. ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు కూర్చున్నా సైకిళ్లు పక్కనే పొడవుగా పడుకుంటాయి.

డిజైర్, అమేజ్ లాంటి సెడాన్‌లకు డిక్కీ పెద్దదే. కానీ వెనక సీటు మడత పడదు, డిక్కీ మూత కూడా చిన్నది. బస్తాలకు బాగుంటుంది, సైకిల్‌కు కాదు. మన దగ్గర సెడాన్ అంటే ఉన్న మోజు వేరే విషయం.

టేపు తీసుకెళ్లండి, కుదిరితే సైకిల్‌నే తీసుకెళ్లండి

కంపెనీలు డిక్కీని లీటర్లలో చెబుతాయి. 2018 చివర్లో వచ్చిన రెండో తరం ఎర్టిగాకు అన్ని సీట్లూ లేపి ఉంటే 209 లీటర్లు, మూడో వరుస మడిస్తే 550, రెండో వరుస కూడా మడిస్తే 803 లీటర్లు. ట్రైబర్‌కు ఏడు సీట్లుంటే 84 లీటర్లు, మూడో వరుస తీసేస్తే 625. ఈ అంకెలు ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి పనికొస్తాయి. సైకిల్ మాత్రం నీళ్లలాగా మూలమూలకూ సర్దుకోదు కదా.

పెద్దవాళ్ల సైకిల్ పొడవు దాదాపు 170 నుంచి 180 సెంటీమీటర్లు. పాత పెద్ద సైకిల్ అయితే ఇంకా పొడవు. ముందు చక్రం ఊడదీస్తే ఒక అడుగు పైనే తగ్గుతుంది. హ్యాండిల్ వెడల్పు కొత్త గేర్ సైకిళ్లకు 60 సెంటీమీటర్లు దాటుతుంది. హ్యాండిల్ పక్కకు తిప్పితే సరిపోతుంది, అది కూడా కుదరకపోతే స్టెమ్ బోల్టు లూజ్ చేయాలి. పెడల్ అడ్డం వస్తే తీసేయొచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుపోయి మర పోతుంది.

కారు దగ్గర మూడు కొలతలు చాలు. డిక్కీ తలుపు తెరిచినప్పుడు ఆ నోటి ఎత్తు, వెడల్పు. సీట్లు మడిచాక డిక్కీ అంచు నుంచి ముందు సీటు వీపు దాకా నేల పొడవు. ముందు సీటును డ్రైవర్ కూర్చునేంత వెనక్కి జరిపిన తర్వాతే ఈ కొలత తీయాలి. షెడ్డులో సీటు ముందుకు లాగేసి చూపిస్తే అన్ని కార్లూ పెద్దవిగానే కనిపిస్తాయి. మూడోది నేల చదును. కొన్ని కార్లలో మడిచిన సీటు మెట్టులాగా పైకి లేచి ఉంటుంది. సైకిల్ దాని మీద వాలుగా పడుకుంటుంది, పైన హ్యాండిల్ అద్దానికి తగులుతుంది.

ఇప్పుడు చాలా బేరాలు ఫోన్ వీడియోల్లోనే మొదలవుతున్నాయి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కారును రెండు నిమిషాల వీడియోలో చుట్టూ తిప్పి చూపిస్తారు. టచ్ స్క్రీన్ చూపిస్తారు, అల్లాయ్ చక్రాలు చూపిస్తారు, సీటు మడిచి చూపించేవాళ్లు తక్కువ. వీడియో కాల్‌లో సీట్లు మడవమని, టేపు పెట్టమని అడగండి. లివర్ తుప్పు పట్టి సీటు కదలకపోతే అక్కడే తెలిసిపోతుంది. అడ్వాన్స్ పంపడం ఆ తర్వాతే.

ఏ కారులో ఎలా ఉంటుంది?

ఎర్టిగాలో రెండో వరుస 60:40, మూడో వరుస 50:50గా మడత పడతాయి. కుటుంబానికి, సైకిళ్లకు కలిపి చూస్తే లెక్క బాగా కుదిరే కారు ఇది. 2012లో వచ్చిన మొదటి తరం ఎర్టిగాలో మూడో వరుస లేపి ఉంచితే డిక్కీ 135 లీటర్లే. మడిస్తే పర్వాలేదు.

2019లో వచ్చిన ట్రైబర్ పొడవు నాలుగు మీటర్ల లోపే. కనిగిరి సందుల్లో తిప్పుకోవడం సులువు. మూడో వరుస సీట్లను పూర్తిగా బయటకు తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో దీనికే ఒక చిక్కుంది. పాత యజమాని ఆ సీట్లు తీసి ఎక్కడో అటక మీద పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. రెండు సీట్లూ కారుతో పాటు వస్తున్నాయా అని ముందే అడగాలి. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ కారు పెద్దల భద్రతకు 4 స్టార్లు తెచ్చుకుంది. ఇంజిన్ మాత్రం 999 సీసీ. నలుగురు, లగేజీ, రెండు సైకిళ్లతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఓపిక కావాలి.

ఇన్నోవాలో మూడో వరుస పక్కలకు మడత పడుతుంది. నేల కిందికి ఉంటుంది కాబట్టి చిన్నపిల్లల సైకిల్‌ను నిలబెట్టి కట్టేయొచ్చు. అయితే పక్కలకు మడిచిన సీట్లు వెడల్పును తినేస్తాయి. 2016కు ముందు ఇన్నోవా అంటే లక్షల కిలోమీటర్లు తిరిగి ఉండటం మామూలే. బొలెరోలో వెనక ఎదురెదురుగా ఉండే చిన్న సీట్లు పైకి మడిస్తే మధ్యలో సైకిల్ నిలబడుతుంది.

ఈకో చూడగానే సైకిల్ కోసమే చేసినట్టుంటుంది. ఎత్తైన టాప్, పక్కకు జరిగే తలుపులు, ఐదు సీట్ల మోడల్‌లో వెనక బోలెడు ఖాళీ. ధర కూడా తక్కువ. కానీ 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించిన ఎయిర్‌బ్యాగ్ లేని ఈకోకు వచ్చింది సున్నా స్టార్లు. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద తిరిగే ఇల్లయితే, ఈ కారు చవక అనిపించినా పక్కన పెట్టడమే మేలు.

బడ్జెట్ ఇంకా తక్కువైతే వ్యాగన్ ఆర్. 2019 మోడల్ డిక్కీ 341 లీటర్లు. కొన్ని వేరియంట్లలో 60:40 మడత ఉంది, కొన్నింటిలో సీటు మొత్తం ఒకే ముక్క. ముగ్గురు, ఒక సైకిల్ అంటే 60:40 ఉన్నది సరిపోతుంది. హోండా జాజ్ కొన్ని వేరియంట్లలో వెనక సీటు కింది భాగం పైకి లేచి నిలువు ఖాళీ ఇచ్చే ఏర్పాటు ఉంది. మన వైపు అరుదు. దొరికితే వదలొద్దు.

సీఎన్‌జీ కారైతే డిక్కీ తెరవకుండా మాట ఇవ్వొద్దు

మైలేజీ అని సీఎన్‌జీ వైపు వెళ్తే సైకిల్ లెక్క మారిపోతుంది. పాత పద్ధతి కార్లలో సిలిండర్ డిక్కీ మధ్యలోనే కూర్చుంటుంది. సీట్లు మడిచినా సిలిండర్ మడత పడదు కదా! 2023లో ఆల్ట్రోజ్‌తో టాటా రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కింద పెట్టే పద్ధతి తెచ్చింది. అలాంటివి సెకండ్ హ్యాండ్‌లోకి ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. బయట వేయించిన కిట్ అయితే ఆర్‌సీలో ఎక్కిందో లేదో కూడా చూడాలి.

టాప్ మీద, వెనకాల?

టాప్ క్యారియర్ చవక. కానీ సైకిల్ నిలబెడితే మొత్తం ఎత్తు రెండున్నర మీటర్లు దాటేస్తుంది. ఊళ్లో వేప కొమ్మలు, రైల్వే అండర్‌బ్రిడ్జిలు గుర్తుండాలి. చాలా కార్ల టాప్ మీద కనిపించే రెయిల్స్ అందానికే, బరువు మోయడానికి కాదు. టాప్ ఎంత బరువు ఆపుతుందో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇనుప సైకిల్ ఒక్కోటి 15 నుంచి 20 కిలోలు ఉండొచ్చు.

వెనక తగిలించే క్యారియర్‌తో నంబర్ ప్లేటు, లైట్లు మూసుకుపోతే పోలీసులు ఆపుతారు. లోడు అనుమతించిన హద్దు దాటి పక్కలకు, వెనక్కి, పైకి పొడుచుకొస్తే 2019 సవరణతో చట్టంలోకి వచ్చిన సెక్షన్ 194(1ఎ) ప్రకారం జరిమానా రూ.20,000. ఇక కారు బాడీకి వెల్డింగ్ చేయించి స్టాండు పెట్టించే ఆలోచనే వద్దు. కంపెనీ ఇచ్చిన నిర్మాణం మార్చడానికి సెక్షన్ 52 ఒప్పుకోదు, యాక్సిడెంట్ క్లెయిమ్‌లో కూడా అదే అడ్డం తిరుగుతుంది.

లోపల పెట్టినా కట్టకుండా వదలొద్దు. సడన్ బ్రేక్ వేస్తే 15 కిలోల ఇనుము ముందుకు ఎగురుతుంది. సీటు కొక్కేలకు, గ్రాబ్ హ్యాండిల్స్‌కు కాకుండా నేలకున్న హుక్కులకు బెల్టుతో బిగించాలి. చైన్ ఉన్న వైపు పైకి ఉండాలి, పాత దుప్పటి ఒకటి అడ్డం వేయాలి.

వరద కారు, ట్యాక్సీ కారు, మిర్చి కారు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు చెన్నై మునిగింది. అలా నీళ్లు తాగిన కార్లు కడిగి, పాలిష్ కొట్టి దూరపు ఊళ్ల మార్కెట్లకు వస్తే గుర్తుపట్టడం కష్టం. సీట్ బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద చార ఉంటే అది వరద కారే. స్టెప్నీ తీసి ఆ గుంట చూడండి. సైకిల్ కోసం సీట్లు ఎలాగూ మడుస్తున్నారు కాబట్టి కింద కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పు కూడా చూసేయొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగాలి.

ఎర్టిగా, ఇన్నోవాల్లో ఇంకో అనుమానం ట్యాక్సీ. పసుపు బోర్డు నుంచి తెల్ల బోర్డుకు మారిన బండి అయితే మీటర్‌లో 60 వేలే ఉన్నా పెడల్ రబ్బరు అరిగిపోయి ఉంటుంది. అధీకృత సర్వీస్ సెంటర్ రికార్డులో కిలోమీటర్లు సరిచూడండి. మన ప్రాంతంలో ఇంకో రకం కూడా ఉంది. సీట్లు మడిచి మిర్చి టిక్కీలు మోసిన కారు. ఏసీ వేయగానే తుమ్ములొస్తే కారణం అర్థమైపోతుంది. వాసన పోగొట్టుకోవచ్చు, కూర్చుండిపోయిన వెనక స్ప్రింగులకు మాత్రం ఖర్చవుతుంది.

నంబరే చెప్పేస్తుంది

ఏపీ 27 అంటే ప్రకాశం జిల్లా పాత నంబర్. 2019 ఆరంభంలో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి ఏపీ 27 కారు అంతకుముందు రిజిస్టర్ అయిందే. 2019 జులై 1 నుంచి తయారైన కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్ రిమైండర్, స్పీడ్ అలర్ట్, రివర్స్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కారైతే ఏ వేరియంట్‌లో ఎన్ని ఎయిర్‌బ్యాగ్‌లున్నాయో విడిగా చూడాలి. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలోనే ఉంటాయి.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. పన్నెండేళ్ల కారు కొంటే మూడేళ్లలో రెన్యువల్ ఖర్చు వస్తుంది. తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు కారు చవకగా వస్తుంటే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ట్రైబర్, వ్యాగన్ ఆర్ లాంటివి బేరమాడేటప్పుడు కొత్తదాని ఇప్పటి ఆన్‌రోడ్ ధర చేతిలో పెట్టుకోవాలి. పాత ధర చూపించి "ఎంత తగ్గించామో చూడండి" అంటే ఒప్పుకోవద్దు.

పేరు మారకపోతే ఇద్దరికీ ఇబ్బందే

ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో పాటు బ్యాంక్ ఎన్‌ఓసీ ఉండాలి. ఎం పరివాహన్‌లో నంబర్ కొడితే లోన్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ వివరాలు వస్తాయి. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌సీ పేరు మార్పుకు, 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మార్పుకు దరఖాస్తు చేయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది ఆయనదే.

"తర్వాత మార్చుకుందాంలే" అని వదిలేసే అలవాటు మనకుంది. చేతులు మారుతూ పోయిన ఒక కారు కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది ఏంటంటే, యాక్సిడెంట్ జరిగిన రోజున ఆర్‌సీలో ఎవరి పేరుంటే నష్టపరిహారం బాధ్యత వాళ్లదే. అందుకే తెలిసిన అమ్మేవాళ్లు పేరు మారేదాకా వెంటపడతారు. అమ్మేవాళ్లే తొందరలేదంటే, ఆర్‌సీలో ఉన్న పేరు వాళ్లదేనా, మధ్యలో ఎవరైనా బ్రోకర్ ఉన్నారా అని అడగండి. ఆర్‌సీలో పేరున్న మనిషి నేరుగా వచ్చి సంతకం పెట్టేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.