ఐదు మీద చుక్క

పాత నోకియా ఫోను మీద బొటనవేలు ఆనించి చూడండి. ఐదో అంకె మీద చిన్న బుడిపె తగులుతుంది. అది సోకు కోసం పెట్టింది కాదు. చూపులేనివాళ్ళకూ, చీకట్లో తడుముకునేవాళ్ళకూ అదే ఆనవాలు. దానికి ఎడమన నాలుగు, కుడిన ఆరు, పైన రెండు, కింద ఎనిమిది. 1963లో అమెరికాలో బటన్ల టెలిఫోను రాకముందే బెల్ ప్రయోగశాలలో జాన్ కార్లిన్ బృందం మనుషుల చేత రకరకాల వరసల్లో అంకెలు ఒత్తించి చూసి, వేళ్ళు తడబడని అమరికను తేల్చింది. వేలిని అడిగి చేసిన వస్తువది.

తిరుత్తణి వైపు తెలుగిళ్ళల్లో దాని విలువ ఇంకాస్త ఎక్కువ. 1960 ఏప్రిల్ 1న ఈ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి పిల్లలు చాలామంది బడిలో అరవం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడారు. అంతకుముందు పుట్టిన ఆడవాళ్ళలో చాలామందికి ఏ అక్షరమూ రాలేదు. బటన్ ఫోను వాళ్ళను అక్షరం అడగలేదు. పచ్చ బటన్ రెండుసార్లు ఒత్తితే కిందటిసారి పిలిచిన మనిషికే పోతుంది. రెండో అంకె ఒత్తి పట్టుకుంటే కూతురు పలుకుతుంది. మనవడు అట్లా పెట్టిచ్చాడు. ఎట్లాంటి చిక్కులో పడినా ఎర్ర బటన్ ఉంది. ‘మెనూ, స్టారు’ అని మంత్రం మాదిరి నేర్చుకుని తాళం తీసేవాళ్ళు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం మగ్గాల చప్పుడులో పనిచేసేవాళ్ళు కళ్ళు నూలు మీంచి తిప్పకుండానే ఫోనెత్తేవాళ్ళు.

2003లో వచ్చిన నోకియా 1100 ఈ బటన్ల రాజ్యానికి పట్టాభిషేకం. దుమ్ము దూరని రబ్బరు బటన్లు, చెమట చేతిలో జారని ఒళ్ళు, నెత్తిన టార్చ్ లైటు. కరెంటు కోతల తమిళనాడులో ఆ లైటు ఒక్కటే దాన్ని కొనిపించి ఉంటుంది. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

ఆ రాజ్యం మన ముంగిట్లోకే వచ్చింది. 2005లో ఒప్పందం, 2006లో శ్రీపెరుంబుదూరు నోకియా ఫ్యాక్టరీలో ఉత్పత్తి. తిరువళ్ళూరు నుంచి దక్షిణంగా ఒక్క రోడ్డు దూరం. చుట్టుపక్కల జిల్లాల ఊళ్ళకు కంపెనీ బస్సులు తెల్లవారకముందే వచ్చేవి. ప్లస్‌టూ ముగించిన ఆడపిల్లలు వాటిల్లో ఎక్కి షిఫ్టుకు పోయేవాళ్ళు. మంచి రోజుల్లో ఫ్యాక్టరీలో ఎనిమిది వేల మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్ళ చేతుల మీదుగా పోయిన ఫోన్లు దేశదేశాలకు చేరాయి. అదంతా బంగారు కాలమని రాయడానికి మాత్రం నా చెయ్యి రాదు. 2010లో అక్కడే ఒక యువతి యంత్రంలో చిక్కుకుని చనిపోయింది.

బటన్ లోపల ఏముంటుందో విప్పి చూసినవాళ్ళకు తెలుసు. పైన రబ్బరు, దాని కింద బోర్లించిన గిన్నెలాంటి పలచటి లోహపు రేకు. ఒత్తితే రేకు లోపలికి వంగి సర్క్యూట్‌ను తాకుతుంది, వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. ఆ టిక్కుమనడం చెవి కన్నా ముందు వేలికే అందుతుంది. టచ్ ఫోను గాజు ఆ జవాబు ఇవ్వదు. లోపల చిన్న మోటారు పెట్టి వణికించి, ఒత్తినట్టు నమ్మిస్తారు.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద ఆపిల్ టచ్ ఫోనును చూపిస్తూ స్టీవ్ జాబ్స్ బటన్ల మీద చేసిన అభియోగం ఒక్కటే: అవసరం ఉన్నా లేకున్నా అవి అక్కడే ఉంటాయి, మారవు. అందులో నిజం లేకపోలేదు. సినిమా చూడ్డానికీ మ్యాపు వెతకడానికీ పెద్ద తెరే కావాలి. కానీ మారకపోవడం నేరమైంది ఆ రోజే. అవ్వకు కావలసింది సరిగ్గా అదే: నిన్న ఉన్నచోటే నేడూ ఉండే బటన్.

పతనం మెల్లగా మొదలై చివర్లో దబ్బున పడింది. 2013 జనవరిలో ఆదాయపు పన్ను శాఖ ఫ్యాక్టరీలో సోదాలు చేసింది. బాకీ రెండు వేల కోట్లంది. ఆ సెప్టెంబరులోనే నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు ప్రకటించింది. శ్రీపెరుంబుదూరును కూడా అప్పగించాలంటే 3,500 కోట్ల పూచీ ఇమ్మని సుప్రీంకోర్టు 2014 మార్చిలో అడిగింది. నోకియా ఇవ్వలేదు. ఏప్రిల్‌లో అమ్మకం పూర్తయింది, ఈ ఫ్యాక్టరీ నోకియా చేతిలోనే మిగిలింది. వేలమంది వీఆర్‌ఎస్ కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఇరవై దాటీ దాటని పిల్లలకు స్వచ్ఛంద పదవీ విరమణ! నవంబరు 1న ఉత్పత్తి ఆగింది. డిసెంబరులో పక్కనున్న ఫాక్స్‌కాన్ కూడా తలుపులు మూసింది.

పన్ను గొడవే చంపిందని అక్కడ పనిచేసినవాళ్ళు అంటారు. కాదనను. కానీ 2014 జూలైలోనే మైక్రోసాఫ్ట్ ఆ చవక ఫోన్ల వరసను ముగిస్తానని చెప్పేసింది. పన్ను లేకపోయినా ఆ ఫ్యాక్టరీకి ఆయుష్షు ఎన్నాళ్ళో. తలుపులు మూసి ఏడాది తిరక్కుండానే, 2015 ఆగస్టులో, సరిహద్దుకు అవతల ఆంధ్రాలోని శ్రీసిటీలో అదే ఫాక్స్‌కాన్ షియోమీకి టచ్ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది.

ఇళ్ళల్లో ఈ టచ్ ఫోన్ల ఫలితం తెలిసిందే. “ఏం నాయనా, దీంట్లో యాడ ఒత్తాల? అంతా నున్నగా ఉందే” అంటుంది అవ్వ. మాట్లాడతా ఉంటే చెంప తగిలి దానంతటదే కట్టయిపోతుంది. తడి వేలికి పలకదు, మగ్గం ముందు కూర్చుని తడిమితే దొరకదు. మనవడు వచ్చి అప్‌డేట్ కొట్టాడంటే నిన్న నేర్చుకున్నదీ పోతుంది. ఇప్పుడు పొయ్యికీ, ఫ్యానుకూ, వాషింగ్ మెషీనుకూ అదే నునుపు పట్టుకుంది. వేరువేరు అచ్చులు, స్ప్రింగులు, వైర్ల కన్నా ఒక్క గాజు పలకే తయారీదారుకు చవకైన చోట్ల, అందాన్ని సాకుగా చెబుతున్నారని నా అనుమానం.

కార్లదీ ఇదే దారి. తిరువళ్ళూరు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్లు చేసిన రోజుల్లో డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చేత్తో తడిమి పని కానిచ్చేవాడు. 2022లో ఒక స్వీడన్ పత్రిక పాత, కొత్త కార్లను గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపించి చూసింది. బటన్లున్న 2005 నాటి వోల్వోలో నాలుగు చిన్న పనులకు పది సెకన్లు పట్టింది. అన్నిటికన్నా వెనకబడిన తెరల కారుకు దాదాపు 45 సెకన్లు. కార్ల భద్రతకు మార్కులేసే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి హారను, వైపరు, ఇండికేటరులాంటి వాటికి నిజమైన మీటలు లేకపోతే పూర్తి మార్కులు ఇవ్వనంటోంది. కారుకైతే ప్రాణాల లెక్క ఉంది కాబట్టి అడిగే దిక్కుంది. అవ్వ ఫోనుకు ఆ దిక్కూ లేదు.

నోకియా షెడ్లను 2019లో సాల్‌కాంప్ కొంది. ఆపిల్‌కు ఛార్జర్లు అందించే కంపెనీ అది. పనులు తిరిగొచ్చాయి, సంతోషమే. 2017లో జియో అంకెల బటన్లతోనే ఫోను తెచ్చినప్పుడు జనం ఎగబడ్డారు కూడా. అయినా తిరువళ్ళూరు బజారులో బటన్ ఫోను ఇమ్మంటే, కొట్టువాడు కింది అర నుంచి ఒకటి తీసి మన ముఖం వైపు చూసి అడుగుతాడు: “పెద్దవాళ్ళకా?”