వెధవ ఎవరండీ?

మొన్న మాఘమాసంలో ఒంగోలులో మా డాబా మీద మిరపకాయలు ఎండబోసి, నేనూ అత్తగారూ తొడిమలు తీస్తున్నాం. మా చిన్నవాడు బంతి కోసం పరుగెత్తుకొచ్చి కాయలన్నీ తొక్కేశాడు. "ఒరేయ్ వెధవా!" అని అరిచాను. రోజుకి పదిసార్లు అనే మాటే. అత్తగారు తలెత్తకుండా, "వాడు కాదులే అమ్మాయ్, నేను" అన్నారు.

మామయ్యగారు పోయి అప్పటికి పది నెలలు.

బి.ఏ. తెలుగు చదివిన దాన్ని, నాకు తెలియని సంగతేం కాదు. సంస్కృతంలో విధవ, మన నోట్లో పడి వెధవ అయింది. భర్త పోయిన ఆడమనిషి అనే దానర్థం. 'వి' అంటే లేని, 'ధవ' అంటే భర్త అని మాకు క్లాసులో విడగొట్టి చెప్పారు. భాషాశాస్త్రం వాళ్ళు మాత్రం ఇది అంతకంటే పాత మాట, ఇంగ్లీషు 'విడో'కి తోబుట్టువు అంటారు. 'ధవుడు' అనే మాటే దీన్ని విరిచి తర్వాత పుట్టించుకున్నదట. వేరుపడిపోవడం అని మూలార్థం. అందులో తిట్టేమీ లేదు, అది మనం చేర్చిందే.

'ముండ' సంగతి ఇంకా ఘోరం. ముండనం అంటే గుండు గీయడం. బోడి అన్నా జుట్టులేని తలే. "నీ బోడి సలహా నాకెందుకు" అంటాం చూడండి, ఆ బోడే. ఈ మూడు మాటలూ పోయి పోయి ఒకే మనిషి దగ్గర ఆగుతాయి. మంగలిని పిలిపించి తల గొరిగించి, గాజులు పగలగొట్టి, వెనకింట్లో కూర్చోబెట్టిన ఆడపిల్ల. వాళ్ళలో కాపురం మొహమైనా చూడని పసివాళ్ళుండేవారు. ఎదురొస్తే అపశకునం. అందుకే పనికిరాని ప్రతిదానికీ ఆమె పేరే పెట్టుకున్నాం, ఆఖరికి పోయిన కరెంటుకి కూడా, "వెధవ కరెంటు" అని. మర్యాదకి వితంతువు అంటున్నాం గానీ, అదీ తంతువు లేనిదనే, అంటే తాళి తెగినదనే.

తల గొరిగించే ఆచారం ముఖ్యంగా బ్రాహ్మణుల ఇళ్ళలోది. మిగతా చాలా కులాల్లో మారుమనువు ఉండేది. ఆచారం కొందరిదైనా తిట్టు మాత్రం అందరిదీ అయింది. పైగా ఇప్పుడు వెధవ అని మగవాళ్ళనే అంటాం. మగవాణ్ణి తక్కువ చేయాలంటే మొగుడు పోయిన ఆడదానితో పోలిస్తే చాలన్నమాట! "ముండాకొడుకు" అన్నప్పుడు దెబ్బ తగిలేదీ తల్లికే.

వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది. తెలుగునాట మొదటి పెళ్ళికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు గౌరమ్మ అనే బాలవితంతువుకి గోగులపాటి శ్రీరాములుతో పెళ్ళి చేయించారు. వెలి వేస్తామన్నారు. వంటవాళ్ళూ, నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి వండి వడ్డించారు. పుస్తకాల్లో పంతులుగారి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది, నాకు మాత్రం ఆ బిందెలే కనబడతాయి. తర్వాత మన గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు కూడా వితంతు వివాహాలు చేయించారు. ఆయనా, భార్య లక్ష్మీబాయమ్మగారూ కలిసి 1922లో ఆడవాళ్ళ చదువుకి శారదానికేతనం పెట్టారు. పెళ్ళిళ్ళు జరిగాయి, చదువులొచ్చాయి. తిట్టు మాత్రం మా డాబా దాకా వచ్చింది.

ఆ రాత్రి అత్తగారి పక్కన కూర్చుని, "తప్పయింది అత్తయ్యా" అన్నాను. "మీ మామయ్య కూడా వాణ్ని అదే అనేవారుగా" అని నవ్వేశారు. నవ్వారు గానీ, నాకు మళ్ళీ ఆ మాట నోరు దాటలేదు.

ఇప్పుడు వాణ్ని "చవటా" అంటున్నాను. చవుడు నేల, ఏమీ పండదు, ఆ మాటకి నొచ్చుకునేవాళ్ళెవరూ ఉండరు కదా అని. నిన్న అత్తగారు విని, "కొత్తపట్నం దగ్గర మా పుట్టింటివాళ్ళ రెండెకరాలూ చవుడేనే అమ్మాయ్" అన్నారు.